సాన్ ఆండ్రియాస్ వెంట ఆరు రోజులు: వాగు వంపులో భూకంపం లెక్క

కాలిఫోర్నియాలో దాదాపు 1,200 కిలోమీటర్ల పొడవున్న సాన్ ఆండ్రియాస్ భ్రంశాన్ని, అంటే రెండు పక్కల నేల ఒకదాని పక్కగా ఒకటి జారే పగులును, దక్షిణం నుంచి ఉత్తరానికి చూసుకుంటూ పోయే దారి ఇది. భూమి నోరు తెరిచిన బీట కోసం వెతికితే ఆరు రోజుల్లో ఎక్కడా కనిపించదు. కనిపించేవి వంకర తిరిగిన వాగులు, ఉన్నట్టుండి నీళ్లు నిలిచిన మడుగులు, దారికి అడ్డంగా వచ్చి కూర్చున్న దిబ్బలు.

పని ఒక భాగహారం. నేల ఎంత దూరం జరిగిందన్నది లవం, ఎన్నేళ్లలో జరిగిందన్నది హారం. లవం టేపుకు అందుతుంది. హారం మట్టిలో ఉంటుంది. దారిలో ఒక్కో చోట ఈ రెండిట్లో ఒకటి మోసం చేస్తుంది. ఏ చోట ఏది మోసం చేస్తుందో కనిపెట్టడమే ఈ ప్రయాణంలో అసలు పని.

బయల్దేరే ముందు ఒక రోజు కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ఓపెన్‌టోపోగ్రఫీ సైట్‌లో ఈ భ్రంశం వెంట తీసిన లైడార్ (లేజర్ కాంతితో నేల ఎత్తులు కొలిచే పద్ధతి) సమాచారం ఉచితంగా దొరుకుతుంది. దాంతో నీడల పటం తయారు చేసేటప్పుడు చాలామంది ఒక తప్పు చేస్తారు. సాఫ్ట్‌వేర్ మామూలుగా వెలుతురును వాయవ్యం నుంచి, అంటే 315 డిగ్రీల నుంచి వేస్తుంది. సాన్ ఆండ్రియాస్ పోయేది కూడా వాయవ్యానికే. వెలుతురు భ్రంశం వెంబడే పడితే గట్లకు నీడ ఉండదు, పటం మీద భ్రంశం మాయమవుతుంది. వెలుతురును 45 డిగ్రీలకు తిప్పి, ఎత్తు కోణం 25-30కి దించితే గీత తేలుతుంది. సంచిలో 50 మీటర్ల టేపు, వాలు కొలిచే దిక్సూచి, గుచ్చే చిన్న జెండాలు ఓ పాతిక ఉంటే చాలు. ఫోన్ జీపీఎస్‌ను స్థలం గుర్తుకు తప్ప కొలతకు వాడకండి. దాని తప్పే మూడు నుంచి అయిదు మీటర్లు, కొలవబోయే జరుగుడు కూడా అంతే.

మొదటి రోజు: కోచెల్లా లోయ

థౌజండ్ పామ్స్ ఒయాసిస్‌లో ఈత చెట్టుకు చుట్టం లాంటి ఫ్యాన్ పామ్‌లు ఎడారి మధ్య గీత గీసినట్టు బారులు తీరి ఉంటాయి. వాటిని ఎవరూ నాటలేదు. భ్రంశంలో రాయి నలిగి నలిగి మెత్తటి బంకమట్టి అయిపోయింది. కొండ వైపు నుంచి నేల లోపల పారుతూ వచ్చే నీరు ఆ బంక గోడకు తగిలి ఆగి పైకి ఉబుకుతుంది, ఆ తడి వెంటే చెట్లు మొలిచాయి. చెట్ల వరుస భ్రంశం ఎక్కడుందో చెబుతుంది. చివరిసారి ఎప్పుడు కదిలిందో చెప్పదు. లక్ష ఏళ్లుగా కదలని భ్రంశం కూడా నీటికి అడ్డు కట్టగలదు.

ఆగ్నేయంగా బిస్క్రా పామ్స్ దగ్గర, కొండ నోట్లోంచి వరద తెచ్చి పరిచిన విసనకర్ర ఆకారపు మేటను భ్రంశం నిలువునా కోసి పక్కకు ఈడ్చింది. జరిగిన దూరం వందల మీటర్లు కాబట్టి ఇక్కడ లవంతో పెద్ద పేచీ లేదు. వయసే ఇబ్బంది పెట్టింది. పాత మేట మీది రాళ్లు ఎండకు నల్లబారి, నేల గచ్చు వేసినట్టు సర్దుకుని ఉంటుంది. కొత్త మేట తెల్లగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. రంగు చూసి ఏది ముందు, ఏది వెనక అనే వరుస చెప్పొచ్చు, ఏళ్లు చెప్పలేం. ఏళ్ల కోసం రాళ్ల పైపొరలో విశ్వకిరణాల వల్ల పుట్టే బెరీలియం-10 కొలుస్తారు. బండ కొండ మీద ఉండగానే కొంత బెరీలియం పోగేసుకుని వస్తే వయసు ఎక్కువ చూపిస్తుంది. మేట పైపొర కొట్టుకుపోయి ఉంటే తక్కువ చూపిస్తుంది. అందుకని గులకరాళ్ల అడుగున పట్టిన సున్నపు పెచ్చుల వయసు యురేనియం పద్ధతిలో విడిగా తీశారు. మేట పడ్డాకే పెచ్చు కడుతుంది కాబట్టి ఆ వయసు కనీస హద్దు. రెండు పద్ధతులూ సుమారు 50 వేల ఏళ్ల దగ్గర కలిశాయి. వేగం ఏడాదికి 12 నుంచి 22 మిల్లీమీటర్ల మధ్య, ఎక్కువ మొగ్గు 14-17 వైపు. ఈ దక్షిణపు ముక్క పెద్దగా కదిలి దాదాపు 300 ఏళ్లయింది. 15 మిల్లీమీటర్ల చొప్పున చూసినా నాలుగున్నర మీటర్ల జరుగుడు బాకీ పడి ఉంది.

సాయంత్రానికి మెక్కా కొండల్లోని పెయింటెడ్ కాన్యన్ చేరుకోవచ్చు. ఇక్కడ భ్రంశం కాస్త వంగడంతో రెండు పక్కలూ ఒరుసుకుని మేటలు మడతలు పడి పైకి లేచాయి. లోయ ముఖద్వారం దగ్గర కనిపించే ఎర్రటి పిండి మట్టి భ్రంశంలో నలిగిన రాయే. దారి ఇసుక, చిన్న కార్లు కూరుకుపోతాయి. దూరంగా కొండల మీద మబ్బు కనిపిస్తే లోపలికి పోవద్దు, వరద చెప్పి రాదు.

రెండో రోజు: కహోన్ కనుమ నుంచి పామ్‌డేల్

ఇంటర్‌స్టేట్ 15 రహదారి కహోన్ కనుమలో భ్రంశాన్ని దాటుతుంది. దానికి పశ్చిమంగా లోన్ పైన్ కాన్యన్ స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా రైట్‌వుడ్ వైపు పోతుంది. ఇంత తిన్నటి లోయ చూడగానే భ్రంశం అనిపిస్తుంది, ఇక్కడ అది నిజమే. కానీ లోయను తవ్వింది భూకంపం కాదు, నీరు. నలిగిన రాయి మెత్తన గనుక నీరు అటే తవ్వుకుపోయింది. లోయ వెడల్పుకూ భ్రంశం వేగానికీ లంకె పెట్టకూడదు. నమ్మదగ్గ సాక్ష్యం కనుమలో కహోన్ క్రీక్ ఒడ్డు మెట్లలో ఉంది. వాగు లోతుకు దిగుతూ వదిలేసిన పాత ఒడ్లను భ్రంశం ఒక్కోదాన్ని ఒక్కో దూరం జరిపింది. పాత మెట్టు ఎక్కువ, కొత్త మెట్టు తక్కువ జరిగి ఉంటే ఆ వంపును నమ్మొచ్చు. ఇక్కడ తేలిన వేగం ఏడాదికి 24.5 మిల్లీమీటర్లు, అటూ ఇటూ మూడున్నర. నిన్నటి 15 ఇవాళ 24 ఎందుకైందంటే, దక్షిణాన కొంత భారం మోసే సాన్ హసింటో భ్రంశం ఈ చుట్టుపక్కలే వచ్చి కలుస్తుంది.

జూనిపర్ హిల్స్ దగ్గరి పాలెట్ క్రీక్‌ను రోడ్డు మీంచి చూస్తే ఓ మామూలు వాగు. భూకంపాల చరిత్ర తవ్వే శాస్త్రానికి మాత్రం ఇది బడి లాంటిది. ఒకప్పుడు ఇది చిత్తడి నేల. ఆకులలములు కుళ్లిన నల్లటి పీట్ పొర, దాని మీద వరద ఇసుక, మళ్లీ పీట్, ఇలా పొర మీద పొర పేరుకున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో వాగు లోతుగా కోసుకుపోయి ఆ పొరలు బయటపడ్డాయి. భూవిజ్ఞాని కెర్రీ సీహ్ 1970ల్లో ఇక్కడ కందకాలు తవ్వి, ఏ పొర దాకా తెగింది, ఏ పొర తెగకుండా పైన కప్పింది అన్నది ఒక్కొక్కటిగా చదివారు. తెగిన చివరి పొరకూ కప్పిన మొదటి పొరకూ నడుమ భూకంపం ఉన్నట్టు. పీట్‌లో కర్బనం ఉంటుంది గనుక రేడియో కార్బన్‌తో వయసు వస్తుంది.

చివరి పది భూకంపాల మధ్య సగటు ఎడం సుమారు 132 ఏళ్లు. ఆ సగటును పట్టుకుని లెక్క కట్టడమే చాలామంది చేసే తప్పు. తొమ్మిది ఎడాల్లో అయిదింటి నిడివి నూరేళ్లకు లోపే, మిగతా నాలుగింట్లో మూడింటి నిడివి సుమారు రెండు వందల నుంచి మూడు వందల ఏళ్లు. అంటే భూకంపాలు గుంపులుగా వచ్చి, తర్వాత చాలాకాలం ఊరుకున్నాయి. చివరి రెండూ 1812, 1857.

పామ్‌డేల్‌లో 14వ నంబరు ఫ్రీవే కోతలో అల్లిబిల్లిగా మడతలు పడ్డ రాళ్లు ప్రతి పర్యాటకుడి కెమెరాలోనూ ఉంటాయి. ఫ్రీవే మీద ఆగకూడదు, పక్క రోడ్డులోంచి చూడాలి. ఆ పొరలు లక్షల ఏళ్ల నాటివి. మడత ఎంత అందంగా ఉన్నా రేపటి ప్రమాదం లెక్కలోకి రాదు.

మూడో రోజు: వాలెస్ క్రీక్

కరిజో మైదానంలోకి వెళ్లే ముందే ట్యాంకు నింపుకోండి. లోపల పెట్రోలు లేదు, తాగునీరు లేదు, ఫోన్ సిగ్నల్ చాలా చోట్ల లేదు. వాన పడితే మట్టి రోడ్లు జిగురై నాలుగు చక్రాలూ తిరిగే బండ్లను కూడా పట్టేస్తాయి. 58వ నంబరు రోడ్డు నుంచి సెవెన్ మైల్ రోడ్, అక్కణ్నుంచి ఎల్క్‌హార్న్ రోడ్. బండి ఆపాక కాస్త నడిస్తే వాలెస్ క్రీక్. పొద్దున గానీ పొద్దు వాలే వేళ గానీ ఉండాలి. మిట్టమధ్యాహ్నం నీడలుండవు, గట్టు మీద నిలబడి కూడా గట్టును పోల్చుకోలేం.

టెంబ్లర్ కొండల నుంచి నైరుతికి దిగే వాగు భ్రంశం దగ్గర ఠక్కున కుడికి తిరిగి, దాదాపు 130 మీటర్లు దాని వెంబడే నడిచి, మళ్లీ ఎడమకు తిరిగి మైదానంలోకి పోతుంది. ఎగువన నిలబడి దిగువకు చూస్తే అవతలి నేల కుడికి జరిగింది. అవతలి నుంచి చూసినా కుడికే. ముందుకు, వాయవ్యంగా నడిస్తే నీళ్లు రాని పాత పాయ ఒకటి కనిపిస్తుంది. దాని ఎగువ భాగం భ్రంశం దగ్గర తెగిపోయింది, తల తెగిన మొండెం మాత్రం మిగిలింది. పాత దారి మరీ దూరం జరిగిపోయినప్పుడు వరద కట్ట తెంచుకుని నేరుగా కొత్త దారి తవ్వుకుంది. ఆ కొత్త దారే ఇప్పటి వాగు.

సీహ్, రిచర్డ్ జాన్స్ 1984లో ప్రచురించిన లెక్క ఇది. జరుగుడు 128 మీటర్లు. వాగు కొత్త దారి తవ్వుకునే ముందు పడ్డ మేటలోని బొగ్గు వయసు సుమారు 3,700 ఏళ్లు. ఊరికే భాగిస్తే ఏడాదికి 34.6 మిల్లీమీటర్లు. అనిశ్చితులన్నీ కలిపి వాళ్లు రాసింది 33.9, అటూ ఇటూ 2.9. ఇంకా పాతది, 13,250 ఏళ్ల నాటి మేట 475 మీటర్లు జరిగింది, అంటే ఏడాదికి 35.8. చిన్న గడువూ పెద్ద గడువూ ఒకే వేగం చెబుతున్నాయి. ఈ ఒక్క పోలిక వల్లే వాలెస్ క్రీక్‌కు ఇంత విలువ.

చుట్టుపక్కల చిన్న వాగుల మీద కొలత సాధన చేయొచ్చు. ముందు భ్రంశం గీతను జెండాలతో గుర్తించండి. ఎగువ వాగు అడుగున, నీరు పారే నట్టనడి గీత మీద, వంపుకు దూరంగా 10 నుంచి 20 మీటర్ల మేర నాలుగైదు జెండాలు గుచ్చి ఆ గీతను భ్రంశం దాకా పొడిగించండి. దిగువనా అంతే. రెండు గీతలూ భ్రంశాన్ని తాకే చోట్ల మధ్య దూరమే జరుగుడు. వాగు వంగిన చోటు నుంచి వంగిన చోటుకు కొలవడం తప్పు. ఒడ్డు కోసుకుపోవడం వల్ల ఆ మూలలు గుండ్రమై, దూరం తక్కువో ఎక్కువో చూపిస్తాయి. తర్వాత వాగు ఎడమ ఒడ్డును ఎడమ ఒడ్డుతో, కుడి ఒడ్డును కుడి ఒడ్డుతో జతచేసి విడిగా కొలవండి. మూడూ పొసగాలి. ప్రతి కొలతకూ ఒకే అంకె కాకుండా కనీసం, గరిష్ఠం, మీకు నచ్చింది అని మూడు రాయండి.

మోసాలు ఇక్కడ నాలుగు రకాలు. నలిగిన రాయి మెత్తన గనుక భ్రంశం కదలకపోయినా వాగు దాని వెంట పక్కకు ఒరిగి ఉండొచ్చు. అందుకని ఒక్క వాగును నమ్మకండి, పది చూడండి. ఎడమకు తిరిగిన వాగులు సగం ఉంటే అది వాగుల ఇష్టం, భ్రంశం పని కాదు. రెండోది, పక్క వాగు తల తెగిన పాయను కాజేయడం. అప్పుడు వంపు అసలు జరుగుడు కన్నా ఎక్కువగా, ఒక్కోసారి ఎదురు దిశలో కూడా కనిపిస్తుంది. మూడోది పశువుల బాటలు, పాత బండి దారులు. అవి వాలు వెంట కాకుండా అడ్డంగా పోతే అనుమానించాలి. నాలుగోది జెయింట్ కంగారూ ఎలుకలు. ఈ మైదానంలో వాటి కలుగులు లెక్కలేనన్ని, చిన్న గట్టును కొన్నేళ్లలోనే మట్టిగుట్ట చేసేస్తాయి. ఇది రక్షిత ప్రదేశం, అనుమతి లేకుండా గునపం దించకూడదు.

ఈ వాగుకు పేరిచ్చిన రాబర్ట్ వాలెస్ అమెరికా భూవిజ్ఞాన సర్వే శాస్త్రవేత్త. భ్రంశపు గట్ల వయసును వాలు చూసి చెప్పే పద్ధతిని 1977లో నెవాడా గట్ల మీద రాసింది ఆయనే. వదులు మట్టిలో లేచిన గట్టు మొదట నిటారుగా ఉండి, కొన్నాళ్లకు రాలి 30-35 డిగ్రీల వాలుకు చేరి, ఆపై వేల ఏళ్లపాటు నెమ్మదిగా పలచబడుతుంది. పోల్చేటప్పుడు ఎత్తులో సమానమైన గట్లనే పోల్చాలి. రెండు మీటర్ల గట్టు, పది మీటర్ల గట్టు ఒకేరోజు పుట్టినా పొట్టిది ముందు ముసలిదవుతుంది.

నాలుగో రోజు: మళ్లీ అక్కడే, లైడార్ పటంతో

ఇంకో రోజు ఇక్కడే ఉండటానికి కారణం ఉంది. 1857 జనవరి 9న ఫోర్ట్ టెహోన్ భూకంపం, తీవ్రత సుమారు 7.9, దాదాపు 360 కిలోమీటర్ల మేర నేలను తెంచింది. వాలెస్ క్రీక్ పక్క చిన్న వాగులు కొలిచి, అప్పుడు ఇక్కడ 9.5 మీటర్లు జరిగిందని పాతికేళ్లపాటు అందరూ నమ్మారు. ఏడాదికి 34 మిల్లీమీటర్ల చొప్పున తొమ్మిదిన్నర మీటర్లు కూడటానికి 280 ఏళ్లు కావాలి. అంటే ఈ ముక్కకు చాలా గడువుంది అనుకున్నారు.

2005లో విమానం నుంచి తీసిన లైడార్‌తో ఒలాఫ్ జీల్కే బృందం ఈ వాగులను తిరిగి కొలిచి, 2010లో 1857 నాటి సగటు జరుగుడు 5.3 మీటర్లని తేల్చింది. నేల మీద నిలబడ్డ కంటికి అందనంత చిన్న వంపులు లైడార్‌లో కనిపించాయి. తొమ్మిదిన్నర అనుకున్నది ఒక్క భూకంపం కాదు, రెండు భూకంపాల జరుగుళ్ల మొత్తం. హారం కాదు, అందరూ నిశ్చింతగా ఉన్న లవమే ఇక్కడ బోల్తా కొట్టించింది. కొన్ని కిలోమీటర్ల ఆగ్నేయాన బిడార్ట్ మేటలో తవ్విన కందకాలు కూడా అదే వైపు మొగ్గాయి. అక్కడ భూకంపాల సగటు ఎడం 88 ఏళ్లు, అటూ ఇటూ 41.

1857 నుంచి 2025 దాకా 168 ఏళ్లు. 34తో గుణిస్తే 5.7 మీటర్లు. ఇది తేదీ చెప్పే అంకె కాదు. పాలెట్ క్రీక్ గుంపుల సంగతి గుర్తుంచుకుంటే చాలు. గడువుందన్న నమ్మకానికి మాత్రం ఇక ఆధారం లేదు.

అయిదో రోజు: పార్క్‌ఫీల్డ్, హాలిస్టర్

పార్క్‌ఫీల్డ్‌లో వాగు మీది వంతెన భ్రంశాన్ని దాటుతుంది, దాని కటకటాలు మెల్లగా వంగిపోయాయి. ఇక్కడ 1857, 1881, 1901, 1922, 1934, 1966లలో భూకంపాలు వచ్చాయి. సగటు 22 ఏళ్లని లెక్కేసి తర్వాతిది 1993లోపు వస్తుందన్నారు. తీవ్రత 6.0తో అది 2004 సెప్టెంబరు 28న వచ్చింది.

ఇక్కణ్నుంచి సాన్ హువాన్ బటిస్టా దాకా భ్రంశం పెద్ద భూకంపాలు లేకుండానే జరుగుతూ ఉంటుంది. దీన్ని క్రీప్ అంటారు. హాలిస్టర్ దారిలో సియెనెగా రోడ్ వైనరీ కింద ఏడాదికి సుమారు 12 మిల్లీమీటర్లు జరుగుతోందని 1950ల్లో గోడలు పగిలితేనే తెలిసింది. హాలిస్టర్ ఊళ్లో కలవేరస్ అనే ఇంకో భ్రంశం డన్ పార్క్ పరిసరాల్లో పేవ్‌మెంట్ అంచులనూ ప్రహరీలనూ వంచేసింది. నడుస్తూ చూడొచ్చు, అయితే అవి కాపురాలున్న ఇళ్లు, గేటు దాటకండి.

వాగులు, గట్ల ఆకారం చూసి లెక్కగట్టే పద్ధతికి ఉన్న పెద్ద లోపం ఇక్కడ బయటపడుతుంది. వాగు 100 మీటర్లు జరిగిందంటే అది ఇరవై భూకంపాల పని కావచ్చు, అసలు భూకంపమే లేని క్రీప్ పని కూడా కావచ్చు. వాగు వంపు రెండిట్లోనూ ఒకటే. తేడా కందకంలోనే తెలుస్తుంది. భూకంపం తెస్తే గట్టు అడుగున ఒక్కసారిగా రాలిన మట్టి ముక్కోణపు పొరగా ఉంటుంది, పగుళ్లలో పైమట్టి నిండి ఉంటుంది, పొరలు ఒకే మట్టానికి తెగి ఆగుతాయి. క్రీప్ అయితే పైపొర దాకా అన్నీ కొద్దికొద్దిగా వంగి ఉంటాయి.

దారికి తూర్పున కోలింగా ఉంది. 1983లో అక్కడ భూకంపం తెచ్చిన ప్రధాన భ్రంశం నేల మీదికి రాలేదు. 1994 నార్త్‌రిడ్జ్ భూకంపం, తీవ్రత 6.7, అదీ అంతే. ఇలాంటి చోట వెతకాల్సింది గట్టును కాదు, పైకి ఉబ్బుతున్న కొండను, దాని మీద వంగిన పాత నది మెట్లను.

ఆరో రోజు: ఫ్రీమాంట్, ఓలెమా

ఫ్రీమాంట్ రైల్వే స్టేషన్ పక్కనే ఉన్న మడుగు హేవర్డ్ అనే వేరే భ్రంశం రెండు పాయల మధ్య నేల కుంగి ఏర్పడింది. ఇక్కడి కందకాల్లో 1,900 ఏళ్లలో 12 పెద్ద భూకంపాలు దొరికాయి, సగటు ఎడం సుమారు 160 ఏళ్లు. చివరిది 1868. ఈ భ్రంశం ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు క్రీప్ కూడా అవుతుంది. క్రీప్ ఉంది కాబట్టి భూకంపం రాదు అనుకునేవాళ్లు ఈ మడుగు దాకా రావాలి. హేవర్డ్ ఊళ్లో రోజ్, ప్రాస్పెక్ట్ వీధుల మూలన జరిగిన పేవ్‌మెంట్ అంచును దశాబ్దాలపాటు ఫొటోలు తీసి పోల్చేవారు. 2016లో మరమ్మతు చేసి దాన్ని తీసేశారు. ఊళ్లలో సాక్ష్యం ఇలాగే పోతుంది, పాత ఫొటోలను తేదీతో సహా దాచుకోండి.

ఈ కొలతలన్నీ ఇల్లు కట్టే దగ్గర ఏమవుతాయో చూడాలంటే 1972 నాటి ఆల్‌క్విస్ట్-ప్రియోలో చట్టం చూడాలి. 1971 సాన్ ఫెర్నాండో భూకంపం తర్వాత తెచ్చారు. సుమారు 11,700 ఏళ్లలో నేలను తెంచిన భ్రంశాన్ని క్రియాశీలమైనదిగా లెక్కగట్టి చుట్టూ మండలం గీస్తారు. అందులో మనుషులుండే కట్టడం కట్టాలంటే భూవిజ్ఞాని కందకం తవ్వి భ్రంశం ఇంటి కింద లేదని చూపాలి. ఉంటే సాధారణంగా 50 అడుగులు వెనక్కి జరగాలి. ఈ చట్టం నేల తెగడానికి మాత్రమే. ఊపుకు కాదు. 50 అడుగుల అవతలి ఇల్లు తెగదు, ఊగడం మాత్రం అంతే ఊగుతుంది.

మధ్యాహ్నం సాన్ ఫ్రాన్సిస్కో దాటి ఓలెమా. భ్రంశపు లోయలో ఓలెమా క్రీక్, పైన్ గల్చ్ క్రీక్ పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో పారుతాయి, ఒకటి ఉత్తరానికి, ఇంకొకటి దక్షిణానికి. మధ్యలో భ్రంశం నిలబెట్టిన సన్నటి దిబ్బలు వాటిని కలవనివ్వవు. బేర్ వ్యాలీలోని ఎర్త్‌క్వేక్ ట్రయిల్ ఒక కిలోమీటరు చుట్టు. 1906 ఏప్రిల్ 18న సాన్ ఫ్రాన్సిస్కో భూకంపంలో తెగి జరిగిన కంచె ఎలా ఉండేదో చూపేందుకు అక్కడ తిరిగి కట్టారు, రెండు కొసల మధ్య దాదాపు 16 అడుగులు.

అప్పట్లో ఈ ప్రాంతాన్ని కొలిచిన భూవిజ్ఞాని జి.కె. గిల్బర్ట్ పట్టికలో ఇంతకన్నా పెద్ద అంకె ఉంది. టొమాలెస్ బే మొదట్లో బురదనేల మీది రోడ్డు సుమారు 20 అడుగులు జరిగింది. పెద్ద అంకె కదా అని దాన్నే పట్టుకుంటే తప్పు. మెత్తటి బురద ఊపుకు తనంతట తనే పక్కకు జారుతుంది, ఆ జారుడు భ్రంశం ఖాతాలో కలిసిపోతుంది. కంచె గట్టినేల మీద ఉంది. లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ 16 అడుగులే.